క్యాసెట్టులో ఏడో తరగతి

నాకు ముక్కు మీద కోపం. మా అమ్మ ఈ మాట అనేది, మా ఆయన ఇప్పటికీ అంటాడు, నా దగ్గర చదువుకున్న పిల్లలైతే వాళ్ల పిల్లల పెళ్లిళ్లకు నన్ను పిలిచి మరీ అంటారు. అననీ. నలభై ఏళ్లకు దగ్గరగా ఉద్యోగం చేశాను. అన్ని కోపాల్లో ఒకే ఒక్కదాన్ని సిగ్గుతో తలచుకుంటాను, ఒకే ఒక్కదాన్ని గర్వంతో తలచుకుంటాను. రెండూ ఒకే ఊళ్లో, ఒకే ఏడాదిలో జరిగాయి.

ఆ ఊరు జమ్మలమడుగుకు అవతల, నల్లరేగడి చేల మధ్య ఉంది. పేరు చెప్పను. ప్రొద్దుటూరులో మా ఇంటి నుంచి తెల్లారి బస్సెక్కి, జమ్మలమడుగులో దిగి, ఇంకో బస్సు పట్టుకుంటే బడి గంటకు చేరేదాన్ని. ఏడో తరగతి దాకా ఉన్న బడి. కాగితాల మీద ఐదుగురం టీచర్లం. ముగ్గురు ఆ ఊరి పేరు వినగానే ఎవరెవరినో పట్టుకుని డిప్యుటేషన్లు వేయించుకున్నారు. మిగిలింది రిటైర్మెంటుకు దగ్గరపడ్డ హెడ్మాస్టరు, నేను. నాకు పట్టుకోవడానికి ఎవరూ లేరు, అందుకే మిగిలాను. ధైర్యం ఉండి కాదు.

మొదటి రోజు ఏడో తరగతిలోకి అడుగుపెడితే పదకొండు మంది పిల్లలు రెండు ముక్కలుగా కూర్చుని ఉన్నారు. నడుమ ఎద్దులబండి పోయేంత ఖాళీ. మగపిల్లలు ఒకవైపు, ఆడపిల్లలు ఒకవైపు అనుకున్నాను. చూస్తే రెండు వైపులా అందరూ ఉన్నారు. "ఏంరా, నడుమ ఎవరైనా పెద్దమనిషి వస్తాడా? దగ్గరికి జరగండి" అని గద్దించాను. ఒక్కరూ కదల్లేదు. హెడ్మాస్టరు గుమ్మంలోంచి నన్ను సైగ చేసి పిలిచి, చెవిలో చెప్పినట్టుగా చెప్పారు.

"అది పై వీధమ్మా, ఇది కింద వీధి. జరగరు."

రెండు వీధులకు ఇద్దరు నాయకులు, ఇద్దరికీ చెరో పార్టీ. నాయకుడు పార్టీ మారితే వీధంతా జెండా మార్చేది. కక్ష మాత్రం మారేది కాదు. ఆ రోజుల్లో మా జిల్లాలో ఇదేమంత వింత కాదు. పెళ్లి సంబంధం చూసేటప్పుడు కూడా కులం, గోత్రం తర్వాత ఊళ్లో ఎవరివైపు అని అడిగేవాళ్లు.

నాకు వచ్చిన చదువు చెప్పడం ఒకటే పద్ధతి. బోర్డు మీద రాయి, గట్టిగా చదువు, మళ్లీ చదివించు, రానివాడికి తగిలించు. మూడు నెలల పరీక్ష పెట్టాను. కాగితాలు దిద్దుతుంటే నా కళ్లు తిరిగాయి. గొర్రెల వాళ్ల పిల్లలు ఇద్దరు వారానికి రెండు రోజులే బడికి వచ్చేవాళ్లు. ఎక్కడ వదిలారో ఎక్కడ మొదలుపెట్టారో వాళ్లకే తెలియదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు లెక్కలు పూర్తి మార్కులకు చేసి, తెలుగు కాగితం ఖాళీగా ఇచ్చారు. మరో ఇద్దరు పుస్తకం మొత్తం బట్టీపట్టి, ప్రశ్న మారిస్తే బిక్కమొహం వేశారు. నేను మాత్రం వీళ్లందరినీ ఒకే గాటన కట్టి, ఒకే పాఠం, ఒకే వేగంతో చెబుతూ వచ్చాను. తప్పు వాళ్లదే అనుకున్నాను, అదొకటి.

వాళ్లలో కింద వీధి పాప ఒకతె ఉండేది. పన్నెండేళ్లుంటాయి. తండ్రి ఆ పిల్ల మూడేళ్లప్పుడు కక్షల్లో పోయాడు. తల్లి పులివెందుల దగ్గర పుట్టింట్లో ఉంటూ చీనీ తోటల్లో, అంటే బత్తాయి తోటల్లో, కూలికి పోయేది. పాప అవ్వ దగ్గర పెరుగుతోంది. ఏది అడిగినా నోటితో ఠపీమని చెప్పేది. తొమ్మిది పన్నెండ్లు ఎంత, వర్షం ఎట్లా పడుతుంది, నేను పోయిన నెల చెప్పిన కథలో రాజు ఏమన్నాడు, అన్నీ చెప్పేది. పుస్తకం చేతికిస్తే ఒక్క వాక్యం చదివేది కాదు. అక్షరాలు వచ్చు, గుణింతాలు వచ్చు, వాక్యం రాదు. ఇంత తెలివైన పిల్ల చదవకపోవడం మొండితనం కాక మరేమిటి అనుకున్నాను. ఒకరోజు చెక్క స్కేలు తీసుకుని అరచేతి మీద రెండు వేశాను. పాప ఏడవలేదు. చెయ్యి వెనక్కి కూడా తీసుకోలేదు. ఇంకోటి వేస్తానేమోనని అట్లాగే చాచి నిలబడింది.

సిగ్గుతో తలచుకుంటానన్నది దీన్నే.

మర్నాడు అవ్వ వచ్చింది. పోట్లాటకు వచ్చిందనుకుని నేను చీర కొంగు దోపుకున్నాను. ఆమె పోట్లాడలేదు. గుమ్మం బయటే కూర్చుని చెప్పింది.

"కొట్టు టీచరమ్మా, సంపు. సదువు మాత్రం రావాల. ఏడు పాసయితే జమ్మలమడుగు హాస్టల్లో యేస్తా. తప్పితే పులివెందులకు వాళ్లమ్మ కాడికి పంపిస్తా, చీనీకాయలు కోసుకుంటాది. ఈ ఊర్లో దీన్ని ఇంగ పెట్టుకోను. దీని నాయన్ను పెట్టుకోని సూసినాం గదా."

ఆ రోజుల్లో ఏడో తరగతికి జిల్లా అంతటికీ ఒకటే పరీక్ష. తప్పితే ఎనిమిదికి పంపేవాళ్లు కాదు. అంటే ఆ పిల్ల బతుకు హాస్టలుకు పోతుందా, తోట కూలికి పోతుందా అన్నది నా చేతిలో ఉంది. నా చేతిలో ఉన్నది చెక్క స్కేలు.

సరిగ్గా అప్పుడే మాకు పులివెందులలో పది రోజుల శిక్షణ పెట్టారు. కోస్తా నుంచి వచ్చిన ఒక మాస్టారు చెప్పాడు. పిల్లలందరికీ ఒకే పాఠం వద్దు, ప్రతి పాఠానికీ మూడు రకాల అట్టలు తయారు చేయండి, సులువు, మధ్యరకం, కష్టం, ఎవరి అట్ట వాళ్లు తీసుకుని ఎవరి దారిలో వాళ్లు నడుస్తారు అని. తేలిగ్గా గుర్తుండటానికి మూడు రంగులు వేయమన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ప్రొద్దుటూరులో గుడ్డల కొట్ల చుట్టూ తిరిగి చొక్కాల డబ్బాల అట్టలు అడిగి తెచ్చుకున్నాను. నేనూ మా ఆయనా కూర్చుని కత్తిరించి, రంగులు పూసి, రాసి, ఆదివారాలు రెండు ఖర్చు పెట్టాం.

రంగులేవో చెప్పను. చదివేవాళ్లకూ పార్టీలుంటాయి, నా పెన్షను ఇంకా వస్తోంది.

సోమవారం పొద్దున అట్టలు పంచాను. మధ్యాహ్నం అన్నం గంట కొట్టేలోగా పై వీధి నుంచి నలుగురు మగవాళ్లు వచ్చి నిలబడ్డారు. ముందు నిలబడ్డ ఆయన చేతిలో వాళ్లబ్బాయి అట్ట ఉంది.

"ఏంది టీచరమ్మా ఇది? వాళ్ల రంగు అట్ట మావోని చేతిలో పెట్టినావంట యాల? మేమేమన్నా పార్టీ మారినామా?"

"అది లెక్కల అట్టప్పా. సులువు లెక్కలు" అన్నాను.

"సులువో బరువో నాకు తెల్దు. రంగు సంగతి తెలుసు. ఊర్లో ఇప్పటికే అడుగుతాండారు."

ఆయన ఇంకా వెళ్లకముందే కింద వీధి నుంచి ముగ్గురు వచ్చారు, వాళ్ల పిల్లకు ఇంకో రంగు వచ్చిందని. ఏడుగురు మగవాళ్లు రెండు గుంపులుగా బడి ముందు నిలబడితే హెడ్మాస్టరు గారు సుద్దముక్క చేత్తో గుమ్మంలోనే ఆగిపోయారు. నాకు మాత్రం నెత్తికెక్కింది. "ఈ బడిలో నాదొక్కటే పార్టీ, అందరూ అందులోనే ఉన్నారు, పోండి" అని అరిచాను. అరిచానే గానీ, సాయంత్రం బస్సులో కూర్చుని ఏడ్చాను. రెండు ఆదివారాల కష్టం.

రంగులు తీసేసి బొమ్మలు వేద్దామనుకున్నాను. గొడుగు వేస్తే పోయిన పంచాయతీ ఎన్నికల్లో అది ఒకరి గుర్తు. కుండ వేస్తే ఇంకొకరిది. ఏ బొమ్మ తలచుకున్నా ఎవరో ఒకరు దాని మీద ఓట్లడిగి ఉన్నారు. చివరికి మా అత్తగారు చేటలో గింజలు చెరుగుతుంటే తట్టింది. జొన్న గింజ పెద్దది, సజ్జ దానికంటే చిన్నది, కొర్ర ఇంకా చిన్నది. సులువు అట్ట మూల మీద జొన్నలు అంటించాను, మధ్యరకానికి సజ్జలు, కష్టమైనదానికి కొర్రలు. వాటి మీద ఇంకా ఏ పార్టీ కన్నూ పడలేదు. మొదటి వారం చీమలు పట్టాయి, ఒక కోడి కిటికీలోంచి దూరి కొర్ర అట్టలన్నీ పొడిచింది. హెడ్మాస్టరు గారు నవ్వడం అదే మొదటిసారి చూశాను.

అట్టలు పని చేశాయి. గొర్రెల వాళ్ల పిల్లలు నాలుగు రోజుల తర్వాత వచ్చినా, వదిలిన అట్ట తీసుకుని అక్కడి నుంచే మొదలుపెట్టేవాళ్లు. ఉర్దూ పిల్లలు లెక్కలకు కొర్ర, తెలుగుకు జొన్న తీసుకునేవాళ్లు. ఒకే పిల్ల ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో వెనక ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఇంత చిన్న సంగతి తెలియకుండా ఎనిమిదేళ్లు జీతం తీసుకున్నాను.

పాపకు మాత్రం అట్టలు పనికిరాలేదు. అట్ట మీద ఉన్నది చదవాలి కదా.

ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఒక పొద్దున బస్సు దిగేసరికి ఊరి మొదట్లో పోలీసు వ్యాను ఉంది. అంతకు ముందు సాయంత్రం రెండు వీధుల నడుమ బాంబులు పడ్డాయి. ఎవరూ పోలేదు, ఇద్దరికి దెబ్బలు తగిలాయి. బడి ఉన్నది పై వీధి వైపు. ఆ రోజు నుంచి కింద వీధి పిల్లలు ఒక్కరూ బడికి రాలేదు. నేనే పోయి పిలుస్తానంటే హెడ్మాస్టరు వద్దన్నారు.

"ఒక్కసారి నువ్వు కింద వీధిలో కాలు పెడితే, రేపటి నుంచి నువ్వు కింద వీధి టీచరువు. మనం ఉద్యోగానికి వచ్చినామమ్మా, ఊరు బాగు చేసేదానికి కాదు."

ఆయన పిరికివాడు కాదు. ఆ ఊళ్లో పదకొండేళ్లు ఉండి, రెండు వీధుల చేతా నమస్కారం పెట్టించుకున్న మనిషి. అందుకే ఆయన మాట తీసెయ్యలేకపోయాను.

రెండు వీధులకూ నడుమ సందులో ఒక ముస్లిం ఆడమనిషి కుట్టుమిషను పెట్టుకుని ఉండేది. ఆమెను అక్కా అనేదాన్ని. భర్త కువైటులో ఉన్నాడు. రెండు వీధుల ఆడవాళ్లూ జాకెట్లు ఆమె దగ్గరే కుట్టించుకునేవాళ్లు. వాళ్ల మగవాళ్లు కొట్టుకున్న మర్నాడు కూడా పట్టుబట్టలు ఆమె ఇంట్లో ఒకే మూటలో ఉండేవి. నేనూ ఒక జాకెట్టు ఇచ్చాను. తెచ్చుకోవడానికి పోతే ఆమె టేపు రికార్డరు ముందు కూర్చుని మాట్లాడుతోంది. మేక ఈనిందని, పెద్దోనికి జ్వరం తగ్గిందని, వానలు లేవని. భర్తకు ఉత్తరం. ఆమెకు రాయడం రాదు, ఆయనకు చదవడం రాదు. ఇక్కడ మాట్లాడిన క్యాసెట్టును కువైటు పోయేవాళ్లతో పంపిస్తుంది. ఆయన విని, అదే క్యాసెట్టు మీద తన కబుర్లు చెప్పి తిప్పి పంపిస్తాడు. మా వైపు గల్ఫు ఇళ్లలో అప్పట్లో అదే ఆనవాయితీ.

జాకెట్టు సంగతి మరిచిపోయి, పిల్లల సంగతి చెప్పుకుని మొత్తుకున్నాను. ఆమె టేపు ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

"టీచరమ్మా, నాలుగేండ్ల నుంచి మా ఇంటాయన మొగం సూడకుండా ఈ డబ్బాతోనే సంసారం జేస్తాండా. నువ్వు పిల్లోల్ల మొగం సూడకుండా పాఠం జెప్పలేవా?"

పది రోజుల శిక్షణలో ఎవరూ చెప్పని మాట, పదో క్లాసు కాదు గదా పలకే పట్టని మనిషి చెప్పింది.

ఆ వారం నుంచే మొదలుపెట్టాం. ఆమె పాత క్యాసెట్లు ఇచ్చింది. నేను ఇంట్లో మా టేపు రికార్డరు ముందు కూర్చుని, మా ఆయన చేత గడియారం పట్టించుకుని పాఠాలు చెప్పి తెచ్చేదాన్ని. మధ్యాహ్నం బడి వదిలిపెట్టేలోగా కింద వీధి పిల్లలు ఆమె వాకిట్లో చేరి టేపు వినేవాళ్లు. నా బస్సుకు అరగంట ముందు నేను జాకెట్టు ఇవ్వడానికో తెచ్చుకోవడానికో పోయినట్టు పోయేదాన్ని. ఆ ఏడాది నాకున్నన్ని జాకెట్లు మా వంశంలో ఎవరికీ లేవు. పాఠం టేపు చెప్పేది. అర్థం కానిది అడగడానికీ, గింజల అట్టలు మార్చుకోవడానికీ నేను ఉండేదాన్ని. బోర్డు ముందు గంటసేపు అరిచినదానికంటే ఆ అరగంటలో ఎక్కువ పని జరిగేది.

ఒకరోజు గోడ పక్కన నిలబడి పిల్లల మాటలు విన్నాను. ఒక పిల్లవాడు పక్కవాడితో అంటున్నాడు. "టేపులో టీచరమ్మ మంచిది రా. ఎన్నిసార్లు ఎనక్కి తిప్పినా కసురుకోదు."

నవ్వొచ్చింది, ఎక్కడో కలుక్కుమంది కూడా. నిజమే, టేపులో నా కోపం లేదు. అది రానివాడి కోసం పదిసార్లు చెబుతుంది, వచ్చినవాడిని ముందుకు పోనిస్తుంది. నేను చేయలేని పని ఆ డబ్బా చేస్తోంది. ఆ రోజు నుంచి ఆ డబ్బాను చూసి నేర్చుకోవాలని ఒట్టు పెట్టుకున్నాను. సగమే నెగ్గాను.

పాప టేపును మింగేసింది. ఒకసారి వింటే చాలు, నా పాఠం, నడుమ నా దగ్గు, మా వీధిలో ఐస్‌ఫ్రూటు వాడి గంట, అన్నీ వరసగా అప్పజెప్పేది. అప్పుడు బుద్ధికి తట్టింది. ఈ పిల్లకు చదువు చెవి దారిలో వస్తుంది, కంటి దారిలో రాదు. మొండితనం కాదు, దారి వేరు. మరి చెవి దారినే కంటి దాకా ఎందుకు తీసుకుపోకూడదు? తెలుగు వాచకం తీసుకుని, పాఠాలన్నీ నెమ్మదిగా, మాట మాటకూ ఆగుతూ చదివి టేపు చేశాను. పేజీ తిప్పే చోట స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టాను. పాప చేతికి పుస్తకం ఇచ్చి, "నేను చదువుతాంటే నీ వేలు నా మాటెంబడే రావాల, ఇంకేం జెయ్యొద్దు" అన్నాను.

మొదటి నెల వేలు ఎటో, నా మాట ఎటో. గ్లాసు మోగేసరికి పాప ఇంకా పేజీ నడిమిలో ఉండేది. తలెత్తి నా వైపు చూసేది. నేను "ఎనక్కి తిప్పు" అనేదాన్ని, అంతే. పళ్లు బిగబట్టి అనేదాన్ని, అది వేరే సంగతి.

ఈలోగా పై వీధి ఆడవాళ్లకు కన్ను కుట్టింది. "వాళ్ల పిల్లోల్లకేనా టేపు? మా పిల్లోల్లు ఏం జేసినారు?" అని అక్కను నిలదీశారు. ఆమె మిషను తొక్కడం ఆపకుండానే, "రమ్మను. వాకిలి నాది" అంది. బడి వదలగానే వచ్చారు. వచ్చి మళ్లీ బడిలో లాగే నడుమ ఖాళీ వదిలి కూర్చున్నారు. అయితే ఆ టేపుకు కరెంటు దొరికేది తక్కువ, సెల్లులు వేసేవాళ్లం. సెల్లులు పాతబడితే ఎండలో పెట్టి మళ్లీ వేసేవాళ్లం. ఎండకు పెట్టిన సెల్లులతో నా గొంతు దోమ పాటలా వచ్చేది. దూరంగా కూర్చుంటే వినపడదు. రోజుకింత జరిగి, జరిగి, పది రోజులకు రెండు వీధుల పిల్లలూ ఆ డబ్బా మీద తలలు ఆనించి కూర్చున్నారు. నేను గద్దించి జరపలేని పిల్లలను అరిగిపోయిన సెల్లులు జరిపాయి.

ఒక సాయంత్రం వాచకంలో పడవ పాఠం వింటున్నాం. సముద్రంలో తుఫాను, పడవలో ముగ్గురు, నీళ్లు లోపలికి వస్తున్నాయి. ఆ పిల్లల్లో ఎవరూ సముద్రం చూసి ఎరగరు, ఊపిరి బిగబట్టి వింటున్నారు. అక్క అత్తగారు కుక్కిమంచం మీద, జాకెట్లకని వచ్చిన రెండు వీధుల ఆడవాళ్లు అరుగు మీద కూర్చుని వింటున్నారు. సరిగ్గా పడవ తిరగబడబోయే చోట నా గొంతు ఆగిపోయింది. కిరకిరమని చప్పుడై, క్యాసెట్టులో చెరగకుండా మిగిలిపోయిన కువైటు గొంతు మొదలైంది.

"...పెట్టెలో పైన ఉండే చీర మా అక్కకియ్యి. అడుగున ఉండేది నీకు, అది మంచిది. అడుగుది మాత్రం మా అమ్మకు సూపించొద్దు."

అక్క మిషను వదిలేసి పరుగున వచ్చి టేపు గొంతు నొక్కింది. అప్పటికే ఆలస్యమైంది. ముసలామె మంచం మీద లేచి కూర్చుని, "ఏదీ, ఆ అడుగు చీర తే సూద్దాం" అంది. వాకిలంతా పకపకలు. పై వీధి ఆడవాళ్లు, కింద వీధి ఆడవాళ్లు ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వారు. నేను కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాను.

ఆ గోలలో ఏదో సన్నగా వినిపించింది. పాప నవ్వడం లేదు. పుస్తకం మీదికి వంగి, వేలు కదుపుతూ, "ప...డవ... ఒక పక్కకు... ఒరిగింది" అంటోంది. టేపు ఆగిపోయిన చోటు దాటి పోతోంది. నా గొంతు లేదు, ఎవరి గొంతూ లేదు. పడవలో వాళ్లు ఏమయ్యారో తెలుసుకోకుండా ఉండలేక తనే చదువుకుంటోంది. ఒక్కొక్క మాటా పట్టుకుని, తప్పు పోయి, వెనక్కి వచ్చి, మళ్లీ పట్టుకుని చదువుతోంది. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ముగ్గురూ ఒడ్డుకు చేరేదాకా అందరం విన్నాం. బస్సు పోయింది. పోతే పోయిందని నేను ఆ రోజు జమ్మలమడుగు దాకా కట్టెల ట్రాక్టరు మీద వచ్చాను. దారి పొడుగునా నాలో నేనే మాట్లాడుకుంటూ, నవ్వుకుంటూ వస్తుంటే ట్రాక్టరతను ఎందుకైనా మంచిదని నా వైపు చూడటం మానేశాడు. ఉద్యోగంలో చేరినప్పుడు కూడా నాకు అంత సంతోషం లేదు.

పరీక్షలు జమ్మలమడుగులో. బస్సు ఆగేది పై వీధి మొగదల. మొదటి పొద్దున కింద వీధి పిల్లలు దూరంగా గోడ పక్కన ఆగిపోయారు. బస్సు స్టాపు దగ్గర పై వీధి మగవాళ్లు ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. పిల్లలను ఎవరూ ఏమీ అనలేదు, పక్కకు మాత్రం జరగలేదు. అంతకు ముందు రోజు నుంచే నేను అక్క ఇంట్లో ఉన్నాను. బస్సు వచ్చింది, పై వీధి పిల్లలు ఎక్కారు, కండక్టరు రైట్ అన్నాడు. నేను పోయి బస్సు ముందు నిలబడ్డాను.

"పదకొండు మందీ ఎక్కినాకనే ఇది కదిలేది. లేదంటే నా మీద తోలుకోని పో" అన్నాను.

డ్రైవరు హారను కొట్టాడు. నేను కదల్లేదు. చివరికి ఆ మగవాళ్లలో పెద్దాయన ఒకరు, "మేమేం అంటిమి టీచరమ్మా, ఎక్కమను" అని రెండడుగులు వెనక్కి వేశాడు. ఆయన వెనకే మిగిలినవాళ్లూ వేశారు. పిల్లలు ఎక్కారు. గర్వంగా తలచుకునే కోపం ఇదే.

తెలుగు పరీక్ష రోజు గదిలో ఉన్న సారు బయటికి వచ్చి నన్ను అడిగాడు. "మీ పాప ఒకతె మూడు గంటలూ పెదాలు కదుపుతానే ఉంది. ఎవరికన్నా చెబుతాందేమోనని పక్కనే నిలబడినా. ఏం ఇనపళ్లేదు. ఏందమ్మా అది?" చదువుతోంది సార్ అన్నాను. ఆయనకు అర్థం కాలేదు, చెప్పే ఓపిక నాకు లేదు.

మే నెల మండుటెండల్లో ఫలితాల కాగితం నా చేతికి వచ్చింది. జమ్మలమడుగు ఆఫీసులోనే చూసుకున్నాను. బల్ల పట్టుకుని నిలబడి రెండోసారి చూసుకున్నాను. తర్వాత కాగితం మడిచి సంచిలో పెట్టుకుని ఊరికి పోయాను. అక్క వాకిలి నిండా జనం. కింద వీధి వాళ్లు లోపల ఉన్నారు. పై వీధి మగవాళ్లు లోపలికి రాకుండా మొండిగోడ అవతల సందులో నిలబడ్డారు. అందరూ నా మొహం చూస్తున్నారు. నేను మొహం గంటు పెట్టుకుని, కాగితం తీసి పాప చేతికి ఇచ్చాను.

"నువ్వే సదువు."

పాప కాగితం రెండు చేతులతో పట్టుకుంది. పెదాలు ఒకసారి కదిలాయి. తర్వాత గొంతు వచ్చింది. పేరు, నంబరు, పాసు. పేరు, నంబరు, పాసు. ఒక పేరు దగ్గర లెక్కలు పోయాయని చదివింది, ఆ పిల్లవాడి తల్లి ముక్కు చీదింది. ఇంకో పేరు దగ్గర కూడా అంతే. ఆరో వరస తన పేరు. తన పేరు కూడా పరాయి పిల్ల పేరు చదివినట్టే చదివి, నంబరు చదివి, "పాసు" అని ఆగింది. మళ్లీ కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఇంకోసారి చూసుకుంది. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు కదలడం చూశాక నేను అటు చూడలేకపోయాను, అక్కను పట్టుకుని ఏడ్చాను. మిగిలిన ఐదు వరసలు పాప ఎట్లా చదివిందో నాకు సరిగ్గా తెలియదు.

చదవడం అయిపోయింది. అప్పుడు గోడ అవతల నుంచి ఒక పై వీధి మనిషి గొంతు సవరించుకున్నాడు. ఆయనకు చదువు లేదు. "గలాటాలో మావోనిది ఇనపళ్లేదు టీచరమ్మా. ఇంగొకసారి సదవమను" అన్నాడు. నన్ను అడిగాడు గానీ పాప వైపు చూడలేదు.

పాప నాయనను చంపిన కేసులో ఆ గోడ అవతల నిలబడ్డవాళ్ల ఇళ్ల మనుషులే ఉన్నారని ఊరందరికీ తెలుసు. పాపకూ తెలుసు. పాప కాగితం దించి అవ్వ వైపు చూసింది. నేనూ అవ్వ వైపే చూశాను. ఆమె వద్దంటే ఆ పిల్ల నోరు విప్పదు, విప్పమని చెప్పే హక్కు నాకు లేదు.

అవ్వ కొంగు నోటి మీద నుంచి తీసింది.

"సదువు పాపా. ఆయప్పకు ఇనపడేట్టు గట్టిగా సదువు. హాస్టలుకు పోతే మళ్లా నువ్వు ఈడ యాడుంటావు."

పాప గోడ వైపు తిరిగి నిలబడి, ఆ పిల్లవాడి పేరు, నంబరు, పాసు అని, రెండు వీధులకూ వినపడేట్టు చదివింది.